టెక్నాలజీ వచ్చాక ఆచారాలు తగ్గాయా? మా ఇంటి తద్దినం సంగతి వినండి

"స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మన ఇళ్లలో ఆచారాలు తగ్గిపోతున్నాయా?" అని అడిగారు. ఎవరింట్లో తగ్గాయో నాకు తెలీదు, మా ఇంట్లో మాత్రం పెరిగాయి.

మా అమ్మకి 71 ఏళ్లు, చదువు ఎనిమిదో తరగతి. తమ్ముడు న్యూజెర్సీ నుంచి తెచ్చిచ్చిన ఫోన్ చాలాకాలం బీరువాలో చీరల మధ్యే ఉండేది. మనవడిని రోజూ చూడొచ్చే అన్నా లొంగలేదు. పక్కింటావిడ ఫోన్లో వర్జ్యం చూసి చెప్పిన రోజున మాత్రం తనంతట తానే బయటికి తీసింది.

పోయిన చలికాలం నాన్నగారి తద్దినం. తమ్ముడు ఒక్కడే కొడుకు, ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. అక్కడ పురోహితులకేం కొదవ లేదు కానీ అమ్మకి మా రాజమండ్రి శాస్త్రిగారే కావాలి, వీడియో కాల్లో అయినా సరే. ముందు తేదీ దగ్గరే గొడవ. గోడ మీది క్యాలెండర్ శుక్రవారం అంటోంది, వాడేమో గురువారం అంటున్నాడు. సెలవు దొరక్క సాకులు చెప్తున్నాడని అమ్మ అనుమానం. రాత్రి కూర్చుని పంచాంగం యాప్‌లో రాజమండ్రి తీసేసి ఎడిసన్ పెట్టుకుని చూసింది. పొద్దున కాఫీ ఇస్తూ నాకు పాఠం: చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి, అది లోకమంతా ఒకేసారి మారుతుంది, మనకి గురువారం సాయంత్రం నాలుగింటికి వస్తే వాడికది తెల్లవారుజాము ఐదున్నర, తద్దినానికి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటిన వేళలో, తిథి ఉండాలి గనక మనకి శుక్రవారం, వాడికి గురువారమే. నేను బీఎస్సీ ఫిజిక్స్. నోరెత్తితే ఒట్టు.

వాడి అపరాహ్ణం అంటే మనకి రాత్రి పదకొండున్నర. పాపం శాస్త్రిగారు ఆ చలిలో మళ్లీ స్నానం చేసి కూర్చున్నారు. అలవాటుగా "జంబూద్వీపే భరతవర్షే" అని మొదలుపెట్టి ఠక్కున ఆగారు. సంకల్పంలో కర్త, అంటే తద్దినం పెట్టేవాడు, ఉన్న చోటు చెప్పాలి కదా. అమెరికాకి క్రౌంచద్వీపే, రమణకవర్షే అనాలని ఆయనకి తెలుసు, నదుల దగ్గరే చిక్కొచ్చింది. "నాయనా, మీ ఊరు ఏ నదుల మధ్య ఉంది?" అన్నారు. దర్భ పవిత్రం ఉన్న వేలితోనే తమ్ముడు మ్యాప్ తెరిచి హడ్సన్, డెలావేర్ అన్నాడు. శాస్త్రిగారు ఆ పేర్లు రెండుసార్లు నమిలి "హడ్సన్ డెలావేర్ నద్యోర్మధ్యదేశే" అనేశారు. అమ్మ కళ్లు తుడుచుకుంది, నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

సరిగ్గా పితృదేవతలను పిలిచే వేళకి, తిథి ఇంకా ఎంతసేపు ఉందో చూద్దామని అమ్మ యాప్ తెరిస్తే రమ్మీ ప్రకటన డప్పుల మోతతో వచ్చింది. పంచాంగం చూసుకునేవాళ్లకి పేకాట చూపించాలని ఏ మహానుభావుడికి తట్టిందో! మూసేద్దామంటే ఆ ఇంటూ గుర్తు చీమ తలకాయంత. ఇక పదకొండు మందికి పంపకపోతే అరిష్టం అనే వాట్సాప్ మెసేజ్‌ల గురించి అసలు ఎత్తను, ఎత్తితే రాత్రవుతుంది.

దక్షిణ మరో కథ. తమ్ముడి తరఫున నేను శాస్త్రిగారికి ఫోన్‌పేలో వెయ్యినూట పదహార్లు కొట్టాను. కర్త ఇవ్వాలి గానీ నువ్విస్తే ఎలా అని అమ్మ పట్టు. చివరికి వాడు నా ఖాతాకి పంపి, అక్కడ చేతిలో నీళ్లు వదిలాక గానీ ఒప్పుకోలేదు. 1116 కాకుండా 1100 పంపి ఉంటే ఇంకేమనేదో.

ఇజ్రాయెల్‌లో హరేదీలనే గట్టి ఆచారపరులైన యూదులకి, వాళ్ల మతగురువులైన రబ్బీల కమిటీ ఒప్పుకున్న కోషర్ (మతానికి సమ్మతమైన) ఫోన్లు ఉంటాయి, అందులో ఏది ఉండాలో ఏది కూడదో వాళ్లే తేలుస్తారు. మన పెద్దవాళ్లకి ఫోన్ మీద అభ్యంతరమే లేదు. వాళ్ల పేచీ అంతా ఎప్పుడు, ఎవరి చేత్తో, ఎంత అనేదాని మీదే. ఆ మూడూ కుదిరితే మా అమ్మ నాకంటే బాగా వాడుతుంది.

అన్నట్టు, ఆ గురువారం వాడి లెక్కనీ శుక్రవారం మన లెక్కనీ రెండు రోజులూ అమ్మ ఉల్లిపాయ ముట్టలేదు. ఆ రమ్మీ గోల వదిలిద్దామని డబ్బు కట్టి ప్రకటనలు తీయించేస్తానంటే, ఇప్పుడు మూఢం, వెళ్లాక కడుదువులే అంటోంది.