సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

ప్రశ్న: మాది ఏడేళ్ల పెట్రోల్ కారు. నెల రోజులుగా పొద్దున మూడు నాలుగుసార్లు సెల్ఫ్ కొడితే గానీ స్టార్టయ్యేది కాదు. నిన్నటి నుంచి అసలే అందుకోవడం లేదు. సెల్ఫ్ మాత్రం జోరుగానే తిరుగుతోంది. పెట్రోల్ ఎప్పుడూ రిజర్వు దగ్గరే ఉంటుంది. ట్యాంకులోని పెట్రోల్ పంపు మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మార్చాల్సి రావచ్చు. కానీ కొలవకుండా మాత్రం మార్పించకండి, పంపు ఖరీదైన భాగం. ముందు ఐదు లీటర్లు పోయించండి, ముల్లు తప్పు చూపే బండ్లు చాలానే ఉంటాయి. తర్వాత వెనక సీటుకు చెవి ఆనించి, ఇంకొకరిని తాళం ఆన్ చేయమనండి. సీటు కింది పంపు రెండు మూడు సెకన్లు జుయ్‌మని మోగి ఆగాలి.

మోగకపోతే పంపు ఫ్యూజు చూడండి. రిలే (పంపుకు కరెంటు వదిలే స్విచ్చు) తీసి, అదే నంబరున్న మరో రిలే పెట్టి చూడండి. అప్పటికీ మోగకపోతే సీటు కింద పంపు కనెక్టర్ దగ్గర మీటరు పెట్టించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే వైరు సగం పాడైనా 12 వోల్టులు నిక్షేపంగా కనిపిస్తాయి. తగిలించే ఉంచి, వెనక నుంచి సూది దూర్చి, పంపుకు కరెంటు వెళ్తున్నప్పుడు కొలవాలి. బ్యాటరీ కంటే అర వోల్టుకు మించి తగ్గితే తప్పు పంపుది కాదు, వైరింగుది. ఎర్త్ పిన్ను కాలి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, లేదా ఎలుకలు వైరు కొరికి ఉంటాయి. ఇంటి ముందు వడ్లు ఆరబోసే రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

మోగుతుంటే ఇంజెక్టర్ల రైలు (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని పంచే గొట్టం) దగ్గర ప్రెషర్ గేజీ పెట్టించండి. చాలా పెట్రోల్ కార్లలో 3 నుంచి 4 బార్ ఉంటుంది, మీ బండి లెక్క సర్వీసు పుస్తకంలో చూడాలి. తాళం ఆపిన కొద్ది నిమిషాల్లోనే ముల్లు సున్నాకు జారితే పంపులోని వాల్వు ప్రెషర్ నిలపడం లేదని, లేదా ఇంజెక్టర్ కారుతోందని అర్థం. ప్లగ్గులు విప్పండి: ఒక్కటే తడిగా ఉంటే అది ఇంజెక్టర్ పని, అన్నీ పొడిగా ఉంటే పెట్రోల్ అందడం లేదు. మీ నెల రోజుల లక్షణానికి నాకు ముందు ఈ వాల్వు మీదే అనుమానం. ఈ స్థితిలో తాళం మూడుసార్లు ఆన్-ఆఫ్ చేసి సెల్ఫ్ కొడితే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ప్రెషర్ సరిగ్గా ఉండీ అందుకోకపోతే పంపును వదిలేసి స్పార్కు, క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టేది) చూడాలి.

రిజర్వులో నడిపే అలవాటు మానుకోండి. పంపు చల్లబడేది పెట్రోల్‌తోనే. అది తగ్గితే మోటారు వేడెక్కి అరుగుతుంది.

పైపు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి, జాయింటుకు గుడ్డ చుట్టించండి. ప్రెషర్‌తో చిమ్మే పెట్రోల్ వేడి ఇంజన్ మీద పడితే మంటే. పంపు తీశాక అడుగునున్న జాలీ (పెట్రోల్ వడకట్టేది) మీరే చూడండి. మట్టి, బంక పట్టి ఉంటే ట్యాంకు కడిగించాకే కొత్తది బిగించాలి, లేకపోతే ఆ మడ్డి కొత్త జాలీకీ పడుతుంది.