బొమ్మలేస్తే బొగ్గు ప్లాంటు ఆగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడు. స్నేహితులతో కలిసి బొగ్గు కరెంటు వద్దంటూ గోడల మీద బొమ్మలేస్తున్నాడు. చదువు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు బొమ్మలకు ప్లాంట్లు ఆగుతాయా?
– ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: బొమ్మ ఒక్కటే ఆపదమ్మా. మీ సోంపేటనే చూడండి. బీల అనే చిత్తడి భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు దీక్షలకు కూర్చున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. చివరికి ప్లాంటు రాలేదు. వీధిలో పోరాటం, అనుమతుల మీద న్యాయపోరాటం రెండూ నడిచాయి.

మరి కళ దేనికంటారా? వరి పండి, చేపలు దొరికే ఆ బీలను కాగితాల్లో పనికిరాని భూమి అన్నారు. 'పోరంబోకు' కూడా అలాంటి మాటే. మనకది తిట్టు. రెవెన్యూ లెక్కల్లో మాత్రం చెరువులూ బాటలూ, ఊరందరికీ చెందిన నేల. చెన్నై దగ్గర ఎన్నూరు వాగులో థర్మల్ బూడిద పేరుకుంటుంటే, 2017లో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ ఆ 'పోరంబోకు' మాట మీదే తమిళంలో కచేరీ బాణీలో పాట పాడారు. తిట్టును తిరగేశారన్నమాట. నాకైతే వంద కరపత్రాల కన్నా అదే గుర్తుంది.

మీ వాడికి ఒకటే చెప్పండి: గోడ యజమానిని అడగమని. కుర్రతనంలో నేను అడక్కుండా రాసి, తెల్లారి సున్నం బకెట్‌తో నేనే చెరిపాను. పరీక్షల నెలలో బ్రష్ పక్కన పెట్టమనండి. ప్లాంటుకు అనుమతి ఇచ్చేముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. ఈసారి బొమ్మ పక్కన ఆ సేకరణ తేదీ కూడా రాయమనండి.