సమాధానం: లాగితే తెగుతున్న టీషర్టు నూలు

టీషర్టులు కోసి చేసిన నూలుతో, నూలు బంతులతో (పాంపాంలతో) వేలాడదీసిన అలంకరణను సందర్శకులు లాగితే నూలు తెగుతోందని, బంతుల పోగులు ఊడుతున్నాయని అడిగారు. లాగగానే నూలు తెగుతోందంటే, ముందు టీషర్టు పక్క కుట్లు చూడండి. ఎక్కువగా తెగేది అక్కడే. పక్క కుట్టు లేని, గొట్టంలా అల్లిన కాటన్ టీషర్టులు ఏరుకోండి. చంకల కింది భాగాన్నే అడ్డంగా 2.5 సెం.మీ. పట్టీలుగా కత్తిరించండి, ఒక అంచున 3 సెం.మీ. వదిలేసి. ఆ అంచును విప్పి, ఒక పట్టీ నుంచి పక్క పట్టీకి ఏటవాలుగా కోస్తే ఒకే పొడవైన పోగు వస్తుంది. లాగితే అంచులు లోపలికి చుట్టుకుంటాయి. నిలువుగా కోస్తే అంత బాగా చుట్టుకోదు, సాగదు. బొమ్మ అచ్చున్న చోటు వద్దు, అది బిరుసు.

నూలు బంతుల పోగులు ఊడటానికి కారణం నడుమ కట్టు వదులుగా ఉండటమే. నైలాన్ దారం రెండు చుట్లు వేసి, బిగించి ముడేయండి. ఆ దారం కొసతోనే వేలాడదీయండి, జిగురు నమ్మొద్దు. పిల్లలకు అందే ఎత్తులో ఉన్నవాటికి లోపల నైలాన్ తాడు నడిపించి, బరువు దాని మీదే పడేలా చూడండి.