ప్రోగ్రాంలో తప్పు దొరకనప్పుడు సాయం ఎలా అడగాలి: మేనల్లుడికి అత్త లేఖ

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి,

అత్త ఆశీస్సులు. "అత్తా, ప్రోగ్రాం పనిచెయ్యలేదు" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క రాసి, కింద స్క్రీన్ ఫొటో పెట్టినావు. సగం లైన్లు మసకగా ఉన్నాయి, ఏ ఎర్రర్ వచ్చిందో అందులో లేదు. నా ల్యాబ్‌లో మొదటి సంవత్సరం పిల్లలు కూడా ఇట్లాగే అడుగుతారు. బండి స్టార్ట్ కాలేదని ఫోన్లో చెబితే మెకానిక్ మాత్రం ఏం చెయ్యగలడు? అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీ సీ భాష అసైన్‌మెంటే తీసుకుందాం. క్లాసు పిల్లల మార్కులు చదివి సగటు చెప్పాలి. అరవై మంది మార్కులతో పరీక్షించకు, ముగ్గురివి చాలు. 35, 40, 46 అనుకో. కాగితం మీద కూడితే 121, మూడుతో భాగిస్తే 40.33. రావాల్సింది ఇది. ఇప్పుడు రన్ చేసి, వచ్చింది దాని పక్కన రాయి. ఈ రెండూ పక్కపక్కన రాసుకోకుండా ఎవరినీ అడగొద్దు. ఏం రావాలో తెలియకుండానే తప్పు వచ్చిందని కంగారుపడే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

తప్పు జవాబును కొట్టిపారెయ్యకు, దాన్ని బాగా చూడు. 40.000000 వచ్చిందా? అయితే కూడిక బాగుంది, భాగహారంలో దశాంశం పోయింది. సీ భాషలో ఇంట్‌ను, అంటే పూర్ణసంఖ్యను, ఇంట్‌తో భాగిస్తే వచ్చేది ఇంటే. దాన్ని తీసుకుపోయి ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలో) పెట్టినా పోయిన భాగం తిరిగిరాదు. భాగించక ముందే మొత్తాన్ని ఫ్లోట్‌గా మార్చుకోవాలి. ఏదో అర్థంకాని పెద్ద అంకె వచ్చిందా? మొత్తం దాచే సమ్ అనే వేరియబుల్‌కు మొదట సున్నా పెట్టినావో లేదో చూడు. ఫంక్షన్ లోపలి వేరియబుల్‌కు సీ తనంతట తాను సున్నా పెట్టదు. మార్కు కొట్టి ఎంటర్ నొక్కగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం కూలిందా? విలువ చదివే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ పేరు ముందు యాంపర్‌సాండ్ (&) మరిచిపోయినావేమో.

ఇద్దరి మార్కులే అడిగి ఆగిపోతే లూపు (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) హద్దులు చూడు. మార్కులు వరుసగా దాచే గడుల్ని అరే (array) అంటారు, దాని లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ముగ్గురికి 0, 1, 2. 3 అనే నంబరున్న గడి అసలు లేదు. అయినా అక్కడ విలువ పెడితే సీ నిన్ను ఆపదు, పక్కన ఇంకో వేరియబుల్ ఉంటే దాన్ని చెరిపేసినా చెరిపేస్తుంది. ఒక్కోసారి నీ ల్యాప్‌టాప్‌లో జవాబు సరిగ్గానే వచ్చి, ల్యాబ్ సిస్టంలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందర తప్పుతుంది. ప్రాక్టికల్ పరీక్షల్లో పిల్లలు ఏడ్చేది ఎక్కువగా దీనికే.

ఎక్కడ తప్పిందో తెలియకపోతే లూపు లోపల, తెరమీద విలువ చూపించే ఒక ప్రింట్ఎఫ్ పెట్టి సమ్ విలువ చూడు. 35, 75, 121 అని వరుసగా రావాలి. ఎక్కడ వరుస తప్పిందో ఆ చుట్టే వెతుకు. ఆ ప్రింట్ఎఫ్ చివర బ్యాక్‌స్లాష్ ఎన్ (\n, కొత్త లైను గుర్తు) మరవొద్దు. అది లేకపోతే, ప్రోగ్రాం మధ్యలో కూలినప్పుడు అచ్చు కావాల్సిన విలువ తెరమీదికి రాకుండానే పోవచ్చు.

కంపైల్ దగ్గరే, అంటే కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే దగ్గరే, ఆగిపోతే ఎన్ని ఎర్రర్లు వచ్చినా మొదటిదాన్నే సరిచేసి మళ్లీ కంపైల్ చెయ్యి. మిగిలినవి చాలావరకు దాని వెంట వచ్చినవే. సెమికోలన్ పోయినప్పుడు కొన్ని కంపైలర్లు తర్వాతి లైను చూపిస్తాయి కాబట్టి పై లైను కూడా చూడు. జీసీసీ కంపైలర్ వాడితే కమాండ్‌లో హైఫన్ పెట్టి పక్కనే వాల్ అని చేర్చు (-Wall), డబ్ల్యూ ఒక్కటే పెద్దక్షరం. ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ బదులు ఒకటే పెట్టినా అది హెచ్చరిస్తుంది.

ఇవన్నీ చేసినా దొరకలేదా, అప్పుడు అడుగు, మొహమాటం వద్దు. కోడ్ టెక్స్ట్‌గా పంపు. ఎర్రర్ ఉంటే ఒక్క అక్షరం మార్చకుండా కాపీ చెయ్యి. ఏ అంకెలు ఇచ్చినావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఇంతవరకు ఏం ప్రయత్నించినావు, ఈ నాలుగూ రాయి. ఇట్లా రాస్తూ ఉండగానే చాలాసార్లు తప్పు కంటబడుతుంది. అడిగేది కూడా సబ్మిషన్ ముందు రోజు రాత్రి వద్దు, ఆ టెన్షన్‌లో చెప్పినా నీకు ఎక్కదు.

సీనియర్‌నైనా, చాట్‌జీపీటీనైనా "సరిచేసి ఇవ్వు" అనొద్దు. "తప్పు ఏ లైన్లో ఉంది, ఎందుకు తప్పు?" అని అడిగి, సరిచెయ్యడం నీ చేత్తో చెయ్యి. సరిచేసిన కోడ్ తెచ్చుకుంటే రికార్డు నిండుతుంది కానీ, వైవాలో "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అంటే నోరు పెగలదు. తప్పు సరైనాక అది ఏమిటో, ఎందుకు వచ్చిందో అబ్జర్వేషన్ నోట్సు వెనకాల ఒక లైను రాసుకో. సాయం చేసినవాళ్లకు దొరికిందని ఒక మాట చెప్పు, వాళ్లు ఇంకా దాని గురించే ఆలోచిస్తూ ఉంటారు.

ఆదివారం చిత్తూరు నుంచి పొద్దున బస్సుకే వచ్చేయి. ల్యాప్‌టాప్, చార్జరు మరవొద్దు. పాయింటర్లు అర్థం కాలేదన్నావు గదా, అవి కాగితం మీద బొమ్మ గీసి చెబుతాను.

ప్రేమతో,
అత్త