గుంపును రాసేటప్పుడు

తిరుపతి

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ శ్రద్ధగా చదివాను. బస్టాండు దగ్గర మొదలైన గొడవ బజారంతా పాకే ఘట్టంలో నీ భాష పరుగులు తీసింది. అయితే ‘మూకకు పిచ్చెక్కింది’ అని రాసిన మరుక్షణం నుంచి కథలో ఒక్క మనిషీ కనిపించలేదు. రాళ్లు లేచాయి, అద్దాలు పగిలాయి. విసిరినవాళ్లు ఎవరో తెలియలేదు.

మనిషి గుంపులో చేరగానే విచక్షణ కోల్పోతాడని 1895లో ఫ్రాన్సులో గుస్తావ్ లె బాన్ అనే రచయిత రాశాడు. వీధుల్లోకి వచ్చిన పేదలను చూసి సంపన్నులు వణికిన కాలం అది. ఆ భయమే నీ వాక్యంలోకి తెలియకుండా దూరింది. 1980 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, సెయింట్ పాల్స్ అనే పేటలో పోలీసులు ఒక కాఫీ హోటలును సోదా చేయడంతో అల్లర్లు చెలరేగాయి. జనం ప్రధానంగా పోలీసుల మీద, వాళ్ల వాహనాల మీద దాడి చేశారు. ఇరుగుపొరుగు ఇళ్ల జోలికి పోలేదు. పోలీసులు వెనుదిరిగాక పేట సరిహద్దు దాటి వాళ్లను తరమలేదు, పైగా తమ వీధుల్లో వాహనాలకు తామే దారి చూపారు. పిచ్చెక్కినవాళ్లు ఇలా చేస్తారా? నీ కథలో జనం ఏ దుకాణాన్ని వదిలేశారో రాయి. ఎందుకు వదిలేశారో తెలుసుకునేసరికి ఆ ఊరు నీకు సగం అర్థమవుతుంది.

మన గంగమ్మ జాతర సంగతి ఆలోచించు. బండ వేషం వేసినవాడు నడివీధిలో నోరారా బూతులు తిడతాడు. పెద్దవాళ్లు కూడా నవ్వుతూ వింటారు, అది అమ్మవారి మొక్కు. జాతర ముగిశాక అదే మనిషి అదే వీధిలో అవే మాటలంటే స్టేషన్‌కు తీసుకెళ్తారు. తప్పు అనేది పనిలోనే ఉండదు, చుట్టూ ఉన్నవాళ్లు ఆ పనికి వేసే ముద్రలో ఉంటుందని 1963లో హోవర్డ్ బెకర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త తన పుస్తకంలో వివరించాడు. ఆ పుస్తకం చదవని మన ఊరివాళ్లకు కూడా ఆ విషయం ఎప్పటినుంచో తెలుసు. కాబట్టి గొడవ సద్దుమణిగాక కేసులో ఎవరి పేర్లు ఎక్కాయో, ఎవరి పేర్లు రాత్రికి రాత్రి జారిపోయాయో నీ కథ చెప్పాలి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే.

ఫోన్ల దుకాణం అద్దం పగలగొట్టిన కుర్రవాడి గురించి ఒక మాట. సమాజం అందరికీ ఒకే కల చూపించి, దాన్ని అందుకునే దారి మాత్రం కొందరికే తెరుస్తుందని 1938లో రాబర్ట్ మెర్టన్ అనే మరో అమెరికా సామాజిక శాస్త్రవేత్త అన్నాడు. అది ఆ కుర్రవాడి కసిని వివరిస్తుంది. ఆ సాయంత్రమే, ఆ దుకాణాన్నే ఎందుకు ఎంచుకున్నాడో వివరించదు. అది నువ్వు వెతకాలి. ఆ దుకాణం అప్పు చేసి పెట్టినవాడి కడుపుమంటను కూడా వదలకు. కారణం చెప్పినంత మాత్రాన నేరం మాఫీ అయిపోదు.

తొక్కిసలాటను అల్లరితో కలిపేయకు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు మన ఊళ్లోనే ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా భక్తులకు ఓపిక లేదనే మాట వినబడుతుంది. ఆ మాట నాకు మంట పుట్టిస్తుంది. కిక్కిరిసిన చోట వెనకవాళ్లకు ముందు ఏం జరుగుతోందో కనబడదు, ముందువాళ్లకు వెనక్కి తగ్గే చోటుండదు. అక్కడ అడగవలసింది గేటు గురించి, దారి వెడల్పు గురించి, ఎంతమందిని ఎక్కడ నిలబెట్టారన్నదాని గురించి.

ఇప్పుడు ఆ నాలుగు పేజీలూ తిరగరాయి. లాఠీ మొదట ఎప్పుడు లేచిందో, అప్పటికి జనం ఏం చేస్తున్నారో వరుస తప్పకుండా రాయి. పోలీసుల వైపు నుంచి కూడా ఒక మనిషి కావాలి, నీ కథలోని ఆ ముసలి హెడ్ కానిస్టేబుల్ సరిపోతాడు. బస్టాండులో పూలమ్మే ఆమె ఆ గంటసేపు ఎక్కడుందో నాకు తెలియాలి. రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ అన్న