సెంటోసాలో హోటల్ సరే, తిరిగొచ్చాక ఖాతాలో ఏముంటుంది?

గాజువాక నుంచి ఒక పాఠకుడు సంక్రాంతి తర్వాత రాసిన ఉత్తరం ఇది. పరవాడ ఫార్మా కంపెనీలో ఉద్యోగం, జీతం 58,000. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, 22,000 వస్తుంది, మే నెల జీతం మాత్రం ఇవ్వరు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు మూడున్నర. 64 ఏళ్ల అమ్మగారు వీళ్లతోనే ఉంటారు, బీపీ, షుగర్ ఉన్నాయి. ఇంటి లోను ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 62,000. బ్యాంకులో 68,000 ఉంది. మే నెలలో పిల్లల్ని సింగపూర్‌లోని థీమ్ పార్కు యూనివర్సల్ స్టూడియోస్‌కు తీసుకెళ్లాలని అనుకుంటున్నారు. అడిగింది ఇదీ: "నాలుగు రాత్రులు పార్కును ఆనుకుని ఉన్న సెంటోసా దీవి రిసార్టులో ఉంటే 1,48,000 అవుతుందట. ఊళ్లోని లిటిల్ ఇండియా పేటలో ఫ్యామిలీ రూమ్ 58,000. ఫ్లైట్, వీసా, టికెట్లు, తిండి ఎలా చూసినా 1,70,000. పిల్లలు చిన్నవాళ్లు కదా, రిసార్టే నయమా? రెండున్నర లక్షల పర్సనల్ లోను ప్రీ-అప్రూవ్డ్‌గా ఉంది. ఏజెంటుకు 10,000 అడ్వాన్స్ ఇచ్చాను."

ఇలాంటి ఉత్తరాలు ప్రతి ఏడాదీ పిల్లల పరీక్షల ముందు నాకు వస్తాయి. ఊరి పేరు మారుతుంది, హోటల్ పేరు మారుతుంది, లెక్క మాత్రం ఒకటే. అందుకే మీ ఒక్కరికి కాకుండా అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

ముందు మీరు అడిగిందానికే జవాబు. లిటిల్ ఇండియా. ఇందులో నాకు సందేహం లేదు.

యూనివర్సల్ స్టూడియోస్ ఒక్క రోజు పని. పొద్దున గేటు తెరిచేసరికి వెళ్తే సాయంత్రానికి అయిపోతుంది. మీ ప్యాకేజీలో మిగతా రోజులకు రాసుకున్నవి మాండాయ్ జూ, గార్డెన్స్ బై ద బే. జూ సింగపూర్‌కు ఉత్తరాన ఉంది, సెంటోసా దక్షిణాన. అంటే ఒక్క రోజు సౌకర్యం కోసం నాలుగు రాత్రుల డబ్బు కట్టి, మిగతా రోజులు ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి పిల్లల్ని తిప్పుతారు. లిటిల్ ఇండియా, పక్కనే ఉన్న ఫారర్ పార్క్, రెండూ నార్త్ ఈస్ట్ లైన్ మీద ఉన్న మెట్రో స్టేషన్లు. అదే లైన్లో రైలు మారకుండా పావుగంటలో హార్బర్‌ఫ్రంట్ చేరతారు. అక్కడ వీవోసిటీ మాల్ పై అంతస్తులో సెంటోసా మోనోరైల్ ఎక్కితే మొదటి స్టాపే రిసార్ట్స్ వరల్డ్. పార్కు గేటు అక్కడే. ఓపిక ఉంటే బోర్డ్‌వాక్ మీద నడిచి కూడా దీవిలోకి వెళ్లొచ్చు. లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డులో ఇడ్లీ, దోసె, అన్నం దొరుకుతాయి. మూడున్నరేళ్ల పిల్లాడు తినే తిండి పక్కనే ఉండడం ఎంత సుఖమో తల్లికి తెలుస్తుంది.

రిసార్టు పక్షాన ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. మధ్యాహ్నం ఎండకు బాబు సోలిపోతే పది నిమిషాల్లో గదికి తీసుకెళ్లి పడుకోబెట్టి, సాయంత్రం మళ్లీ పార్కుకు రావచ్చు. అది నిజమైన సౌకర్యమే. కానీ దాని కోసం ఒక్క రాత్రి చాలు. పార్కుకు వెళ్లే ముందు రోజు రాత్రి అక్కడ, మిగతా మూడు రాత్రులు లిటిల్ ఇండియాలో. ఏజెంటుకు ఇది నచ్చకపోవచ్చు.

గది ఖరారు చేసే ముందు రెండు విషయాలు అడగండి. సింగపూర్ హోటళ్లు చెప్పే రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జీ, ఆ మొత్తం మీద మళ్లీ 9 శాతం జీఎస్టీ పడతాయి. 20,000 అని చెప్పిన గది బిల్లు దగ్గరకు వచ్చేసరికి 23,980 అవుతుంది. మీ 58,000లో, 1,48,000లో ఇవి కలిసి ఉన్నాయా లేదా రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది, లిటిల్ ఇండియాలో చాలా గదులు ఇద్దరికి కట్టినవే. ఫ్యామిలీ రూమ్ అంటే నిజంగా నాలుగు పడకలా, లేక ఇద్దరి మంచం మీద నలుగురూ సర్దుకోవడమా, అదీ అడగండి.

హోటల్ సంగతి అంతే. ఇక మీరు అడగని దానికి వస్తాను, నన్ను ఈ ఉత్తరానికి జవాబు రాయించింది అదే.

మీ ఖాతాలో 68,000. లోను 2,50,000. కలిపితే 3,18,000. రిసార్టు ప్యాకేజీ మొత్తం ఖర్చు, అంటే 1,48,000కి 1,70,000 కలిపితే, అదీ సరిగ్గా 3,18,000. ఇది యాదృచ్ఛికం కాదు. బ్యాంకు ఎంత ఇస్తానందో దానికి తగ్గట్టు మీరు హోటల్ ఎంచుకున్నారు. విశాఖ విమానాశ్రయంలో తిరిగి దిగే రోజుకు మీ దగ్గర రూపాయి ఉండదు.

ఆ రోజు ఏ నెలలో వస్తుందో చూడండి. మే. మీ శ్రీమతికి జీతం రాని నెల. ఇంట్లోకి వచ్చేది 58,000. ఇంటి ఖర్చు 62,000. 14 శాతం వడ్డీకి రెండేళ్ల లోను అయితే ఈఎంఐ సుమారు 12,000. ఆ ఒక్క నెలలోనే 16,000 లోటు. జూన్‌లో ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఆ లోటు ఎక్కడి నుంచి పూడుస్తారు? క్రెడిట్ కార్డు నుంచి. సెలవుల అప్పు తీర్చడానికి ఇంకో అప్పు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో కార్డు బాకీ గోతిలో పడ్డవాళ్లలో చాలామంది కథ ఇలాంటి ఒక మంచి సంతోషంతోనే మొదలైంది. ఇలాంటివి చూసినప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది, మీ మీద కాదు, "మీకు ప్రీ-అప్రూవ్డ్" అని ఫోన్లో పంపే ఆ మెసేజ్ మీద. మీ ఇంటి ఖర్చు ఎంతో, మే నెల జీతం రాదనో ఆ మెసేజ్‌కు తెలియదు.

రెండేళ్లలో ఈ లోనుకు వడ్డీయే దాదాపు 38,000 కడతారు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. బాబుకు నాలుగేళ్లు నిండకముందే వెళ్తే పార్కు టికెట్ ఉండదని ఏజెంటు తొందరపెడుతున్నాడని రాశారు. నిజమే, అక్కడ నాలుగేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. మిగిలేది నాలుగైదు వేలు. దాని కోసం 38,000 వడ్డీ కట్టడం ఏ లెక్క? పైగా ఆ పార్కులో ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్ ఎక్కాలంటే 102 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, మమ్మీ రైడ్‌కు 122. ఇప్పుడు వెళ్తే అక్క రైడ్ ఎక్కుతుంటే తమ్ముడు బయట నిలబడి ఏడుస్తాడు. వాడితో పాటు మీలో ఒకరు బయటే ఉంటారు.

బంగారం తాకట్టు పెడదామా అని చివర్లో అడిగారు. వద్దు. చీటీ ముందే పాడుకోవడం కూడా వద్దు. నో-కాస్ట్ ఈఎంఐ పేరులోనే నో-కాస్ట్, వడ్డీ మీద జీఎస్టీ మీ కార్డు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది.

నేను అత్యవసర నిధి గురించే ఎప్పుడూ మాట్లాడతానని కొందరు పాఠకులు విసుక్కుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ మీద పడినప్పుడు నేను ఎంవీపీ కాలనీలో ఉండేవాణ్ణి. ఆ వేసవిలోనే ఉన్న పొదుపంతా ఊడ్చి కారు కొన్నాను. తుపాను దాటేసరికి ఇంట్లో ఒక్క కిటికీకి అద్దం లేదు, కరెంటు లేదు, ఏటీఎంలు పని చేయడం లేదు, పెట్రోలు బంకుల ముందు బారులు. పడిపోయిన చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ బావమరిది ఇంటికి వెళ్లి 40,000 చేబదులు అడిగాను. ఆయన వెంటనే ఇచ్చారు. ఇచ్చిన తర్వాత వాళ్ల ఇంట్లో కూడా కిటికీలు లేవని చూశాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టనిదే ఏ ప్రయాణం, ఏ కొనుగోలు లేదు. మీకు ఇది చెప్పే హక్కు నాకు చదువుతో వచ్చింది కాదు, ఆ నడకతో వచ్చింది.

మీ నెల ఖర్చు 62,000 కాబట్టి ఆరు నెలలకు 3,72,000 కావాలి. అంతా అయ్యేదాకా ప్రయాణం మానుకోండి అనను, పిల్లలు ఈలోగా పెద్దవాళ్లయిపోతారు. కనీసం మూడు నెలలది, 1,86,000, ప్రయాణం డబ్బుతో సంబంధం లేకుండా వేరే ఖాతాలో ఉండాలి. దీనికి తక్కువైతే విమానం ఎక్కకండి.

అంతకంటే ముందు అమ్మగారి విషయం. మీ కంపెనీ ఇచ్చిన ఆరోగ్య పాలసీ మూడు లక్షలది, అందులో మీరు, భార్య, పిల్లలు ఉన్నారు, అమ్మగారు లేరు. బీపీ, షుగర్ ఉన్న మనిషిని మీ అన్నయ్యగారింట్లో దించి, ఖాతా సున్నా చేసి, మీరు విదేశంలో ఉంటే ఆ నాలుగు రోజుల్లో ఒక ఫోన్ వస్తే ఏం చేస్తారు? ఆమెకు విడిగా పాలసీ తీసుకోండి. పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, ఉంటుంది, ఆ గడియారం మీరు కట్టిన రోజు నుంచే తిరుగుతుంది. కాబట్టి ఈ నెలే. బీపీ, షుగర్ సంగతి ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ రోజున మీ ప్రీమియం మొత్తం వృథా. మీ నలుగురికీ కంపెనీ పాలసీ మీద ఒక సూపర్ టాప్-అప్, అంటే ఆ మూడు లక్షలు దాటిన ఆసుపత్రి ఖర్చు భరించే పాలసీ, చేర్చండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు కనుక భారం కొంత తగ్గింది. రెండిటికీ కలిపి నెలకు 3,000 పక్కన పెట్టుకోండి.

అప్పుడు ఇద్దరి జీతం 80,000లో ఖర్చు 62,000 పోను నెలకు 18,000 మిగిలే చోట 15,000 మిగులుతుంది. 21 నెలలకు 3,15,000. మధ్యలో రెండు మే నెలల్లో రాని జీతం 44,000 తీసేయండి. మీరు రాసిన దసరా బోనస్ 45,000 రెండుసార్లు కలపండి. ఇప్పుడున్న 68,000 కలపండి. 4,29,000 అవుతుంది. 1,86,000 ముట్టుకోకుండా, లిటిల్ ఇండియా ప్యాకేజీ 2,28,000 అప్పు లేకుండా కట్టగలరు, ధరలు కొంచెం పెరిగినా 15,000 చేతిలో ఉంటుంది. అంటే ఈ మే కాదు, వచ్చే ఏడాది దసరా సెలవులు. అప్పటికి బాబుకు ఐదు దాటుతాయి. టికెట్ పడుతుంది, కానీ రైడ్ ఎక్కుతాడు.

వెళ్లేటప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ మరవకండి, మీ కంపెనీ పాలసీ అక్కడ పనికిరాదు. హోటల్ బిల్లు మామూలు క్రెడిట్ కార్డుతో గీకితే చాలా కార్డుల్లో 3.5 శాతం దాకా ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) చార్జీ, దాని మీద జీఎస్టీ ఉంటాయి, ముందే చూసుకోండి. మెషీన్ మీద రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని సింగపూర్ డాలర్లే ఎంచుకోండి.

ఈ వేసవి పిల్లలకు ఏం చెప్పాలి అంటారా? రామోజీ ఫిలిం సిటీకి తీసుకెళ్లండి. వందే భారత్‌లో పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో ఉంటారు. అక్కడ మాత్రం నా సలహా తిరగబడుతుంది, ఫిలిం సిటీ ఊరికి చాలా దూరం, చిన్న పిల్లలతో రానూపోనూ తిరిగితే సగం రోజు రోడ్డు మీదే పోతుంది, కాబట్టి ఒక్క రాత్రి లోపలి హోటల్లోనే ఉండండి. ఖరీదైన సితార హోటల్ అక్కర్లేదు, లోపలే తక్కువ రేటు గదులు ఉన్నాయి. ఖర్చు 25,000 దాటనివ్వకండి, దాన్ని ఈ ఏడాది దసరా బోనస్‌లోంచి తీసేసినట్టు రాసుకోండి, ఆ మేరకు సింగపూర్ రెండు నెలలు వెనక్కి జరుగుతుంది. పిల్లల కోసం ఆ రెండు నెలలు వదులుకోవడం నాకు సమ్మతమే.

ఏజెంటుకు ఇచ్చిన 10,000 సంగతి. వెనక్కి అడగండి, కనీసం వచ్చే ఏడాదికి జమ వేయమనండి. ఇవ్వనంటే పోనివ్వండి. ఆ 10,000 పోతుందని 2,50,000 లోను మీద సంతకం పెట్టకండి. ఈ రోజే ఆయనకు ఫోన్ చేసి, ఆ తర్వాత అమ్మగారి మందుల చీటీ, పాత రిపోర్టులు ఒక కవర్లో పెట్టుకుని ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లండి.