మా సయామీస్ పిల్లికి పది రోజులుగా జిగట విరేచనాలు.. మనుషుల మాత్ర వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. మా జున్ను సయామీస్ పిల్లి. ఆడది, వయసు రెండేళ్లు, బరువు మూడున్నర కిలోలు. గడప దాటి బయటికి వెళ్లదు. పది రోజుల నుంచి రోజుకి నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా విరేచనం చేస్తోంది. పల్చగా, జిగటగా ఉంటోంది. రెండుసార్లు ఎర్రటి చార కూడా కనిపించింది. రెండు మూడు రోజులకోసారి వాంతి చేసుకుంటోంది. తిండి మాత్రం బాగానే తింటోంది, ఆడుతోంది. రెండు వారాల క్రితం పాత డ్రై ఫుడ్ దొరక్క వేరే కంపెనీది తెచ్చాం. అదే సమయానికి ఊరి నుంచి మా అత్తయ్య వచ్చారు. ఆవిడ రోజూ పాలు పోస్తున్నారు, పెరుగన్నం పెడుతున్నారు. ఈ మధ్య జున్ను రాత్రంతా అరుస్తోంది. ముఖం, తోక ఇదివరకటి కంటే నల్లబడ్డాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. పక్కింటివాళ్లు మనుషులు వేసుకునే విరేచనాల మాత్ర పావు ముక్క వేయమంటున్నారు. వేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మాత్ర సంగతి చెబుతాను. వేయొద్దమ్మా. పావు ముక్కే కదా అనుకోవద్దు. మనం వేసుకునే చాలా మందుల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. విరేచనాల మాత్ర పేగు కదలికను బిగబట్టేస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే అది అక్కడే ఉండిపోతుంది. పిల్లి ఉన్నట్టుండి పిచ్చెక్కినట్టు ప్రవర్తించడమో, మత్తుగా పడిపోవడమో కూడా జరగొచ్చు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఒళ్లు వేడిగా ఉందని పారాసెటమాల్ అసలు వేయకండి. జున్ను బరువున్న పిల్లి ప్రాణం తీయడానికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు. పిల్లి ఒళ్లు మామూలుగానే మన కంటే వేడిగా ఉంటుంది. 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా దానికి జ్వరం కానే కాదు.

మీరు లక్షణాలు చాలా జాగ్రత్తగా చూసి రాశారు. అందువల్ల సగం పని తేలికైంది. ఎక్కువసార్లు వెళ్లడం, వెళ్లినప్పుడల్లా కొంచెమే రావడం, జిగట, పైన ఎర్రటి తాజా రక్తపు చార.. ఇవన్నీ పెద్దపేగు వాపు లక్షణాలు. సమస్య చిన్నపేగులో ఉంటే విరేచనం రెండు మూడుసార్లే అయినా ఎక్కువ మొత్తంలో అవుతుంది, పిల్లి చిక్కిపోతుంది. రక్తం తారులా నల్లగా వస్తే అది పైనుంచి, అంటే కడుపు నుంచో చిన్నపేగు నుంచో వస్తోందని అర్థం. అది ప్రమాదం. జున్ను తింటోంది, ఆడుతోంది, ఎర్రటి చారే కనిపించింది. కాబట్టి ఈ రాత్రికి రాత్రి పరుగెత్తాల్సిన పని లేదు. కానీ పది రోజులు తక్కువ సమయమేమీ కాదు. రెండు మూడు రోజుల్లో డాక్టర్‌కి చూపించాల్సిందే.

కారణం చాలావరకు మీ ప్రశ్నలోనే ఉందనిపిస్తోంది. ఒకే పక్షంలో జున్ను పొట్టకి మూడు కొత్తవి వచ్చి పడ్డాయి: కొత్త ఫుడ్, పాలు, పెరుగన్నం. పిల్లి తల్లిపాలు మానేశాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి క్రమంగా తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దపేగులోకి దిగి, నీటిని లాక్కుని, అక్కడి బ్యాక్టీరియా చేతిలో పులుస్తుంది. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గినా, పెరుగన్నంలో పిల్లికి కావాల్సినవి లేవు. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే అందాలి. అది చాలకపోతే చూపు దెబ్బతింటుంది, గుండె కండరం సాగిపోతుంది. గుండెకీ టారిన్‌కీ ఉన్న ఈ సంబంధం 1987లో అమెరికా పరిశోధకులు బయటపెట్టాకే కంపెనీలు పిల్లుల ఫుడ్‌లో దాన్ని పెంచాయి. ఊళ్లో పిల్లులు పాలు తాగే పెరిగాయి కదా అని మీ అత్తయ్యగారు అనొచ్చు. నిజమే, తాగేవి. కానీ వాటిని బతికించింది గాదె కింద దొరికిన ఎలుకలు. ఆ ఎలుకల్లో టారిన్ నిండుగా ఉంటుంది. మీ మూడో అంతస్తులో జున్నుకి ఎలుకలు దొరకవు.

ఈ రోజు నుంచే పాలు, పెరుగన్నం, బిస్కెట్లు, మీ పళ్లెంలోంచి పెట్టే ముద్దలు అన్నీ ఆపేయండి. కడుపు మాడ్చకండి. పిల్లిని పస్తుంచడం కుక్కని పస్తుంచినట్టు కాదు. రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఎముక, తోలు తీసేసిన కోడి మాంసాన్ని ఉప్పు, పసుపు, కారం లేకుండా ఉత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. వేళ్లతో నలిపి, గోరువెచ్చగా, రోజుకి నాలుగైదుసార్లు రెండేసి చెంచాలు పెట్టండి. ఉడికిన నీళ్లు పారబోయకండి, అవి కూడా తాగించొచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి తగలకూడదు. పచ్చివైనా వండినవైనా, సాంబారులో ఉడికినవైనా అవి పిల్లి రక్తకణాల్ని పగలగొడతాయి. కొన్న సూప్ పొడుల్లోనూ ఉల్లి ఉంటుంది, వాటి జోలికి వెళ్లకండి. ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు అర చెంచా కలిపితే పెద్దపేగుకి మంచిది.

ఈ చికెన్ మూడు నాలుగు రోజులకే. ఎక్కువ రోజులు పెడితే క్యాల్షియం లాంటివి అందవు. విరేచనం గట్టిపడ్డాక పాత ఫుడ్ దొరికితే అదే తెచ్చి, మొదట పావు వంతు, రెండు రోజులాగి సగం, ఆ తర్వాత ముప్పావు వంతు.. ఇలా వారం పది రోజుల్లో మార్చండి. ఇకపై ఏ ఫుడ్ మార్చినా ఇదే పద్ధతి. మూడున్నర కిలోల పిల్లికి డ్రై ఫుడ్ రోజు మొత్తానికి 50 గ్రాముల లోపే సరిపోతుంది. గిన్నె నిండా పోసి వదిలేయకండి.

ఇక వాంతి. రెండు వారాలకో నెలకో ఒకసారి వెంట్రుకల ఉండ కక్కితే పట్టించుకోనక్కర్లేదు. సయామీస్‌వి పొట్టి వెంట్రుకలు, వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో దువ్వితే అవీ తగ్గుతాయి. వారంలో రెండు మూడుసార్లు కక్కుతుంటే మాత్రం అది వెంట్రుకల సమస్య అనుకుని ఊరుకోకూడదు. కక్కేటప్పుడు ఒకసారి గమనించండి. పొట్ట ఎగరేస్తూ ఓకరించి కక్కుతోందా? లేక తిన్న పది నిమిషాలకే శ్రమ లేకుండా, నమలని గింజలు గింజలుగానే బయటికి వస్తున్నాయా? రెండోది ఆత్రంగా తినడం వల్ల కావచ్చు. వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి పెడితే తగ్గుతుంది. సయామీస్‌లో కొన్నింటికి పుట్టుకతోనే అన్నవాహికలోనో, కడుపు కింది ద్వారంలోనో లోపం ఉంటుంది. అందుకని మీరు చూసింది ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి.

వాంతి అనగానే నాకు భయం వేసేది దారం. సయామీస్ పిల్లులకు గుడ్డలు, ఉన్ని నమిలే అలవాటు మిగతా జాతుల కంటే ఎక్కువ. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఇలాంటి పిల్లినే వాంతులని తీసుకొచ్చారు. పైకి ఏమీ కనిపించలేదు. నోరు తెరిచి, దవడ కింద బొటనవేలితో పైకి నొక్కితే నాలుక లేచింది. నాలుక మొదట్లో, చర్మం కోసుకుపోయి, తెల్లటి దారం చుట్టుకుని ఉంది. ఇంటావిడ తలలో పెట్టుకుని, వాడిపోయాక తీసి మంచం పక్కన పెట్టిన మల్లెదండ దారం అది. ఒక కొస నాలుకకి పట్టుకుంది, రెండో కొస పేగుల్లో ఉంది. పొట్ట తెరిచి చూస్తే పేగు మొత్తం చీర కుచ్చిళ్లలా ముడుచుకుపోయింది. ఆ పిల్లి బతికింది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే దారం పేగుని కోసేసేది. మీ ఇంట్లో మల్లెదండలు, కుట్టు దారాలు, జడ రబ్బర్లు, గిఫ్టు రిబ్బన్లు ఎక్కడున్నా మూత ఉన్న డబ్బాలో పడేయండి. నోట్లోంచో, మలద్వారం దగ్గరో దారం వేలాడుతుంటే లాగకండి, కత్తిరించకండి. అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రోజు చేసిన విరేచనంలో ఒక చెంచాడు, లిట్టర్ ఇసుక అంటకుండా, మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లండి. నులిపురుగులు, జియార్డియా, కాక్సిడియా లాంటి పరాన్నజీవుల కోసం చూస్తారు. జియార్డియా రోజూ బయటపడదు, అందుకే రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు అడగొచ్చు. విసుక్కోకండి. ఎక్కువ పిల్లుల్ని ఒకేచోట పెంచి అమ్మే దగ్గర కొన్న జాతి పిల్లుల్లో ట్రైట్రైకోమోనస్ అనే ఇంకో సూక్ష్మజీవి కూడా పెద్దపేగులో చేరుతుంది. అది మామూలు విరేచనాల మందులకు లొంగదు, పీసీఆర్ పరీక్షలో తెలుస్తుంది. జున్నుని ఎక్కడ కొన్నారో డాక్టర్‌కి చెప్పండి. బయటికి వెళ్లదు కదా, పురుగులెలా వస్తాయని చాలామంది అడుగుతారు. మన చెప్పులకు అంటుకుని గుడ్లు వస్తాయి, ఈగలు, బొద్దింకలు మోసుకొస్తాయి. గోడ మీది బల్లిని పట్టి తింటే దాని నుంచి కాలేయానికి పట్టే పురుగు కూడా రావచ్చు. మూడు నెలలకోసారి బరువుని బట్టి డీవార్మింగ్ చేయించండి. త్రీ ఇన్ వన్ (మూడు జబ్బులకు కలిపి వేసేది), రేబిస్ టీకాలు ఇంట్లో ఉండే పిల్లికీ తప్పవు.

ఈలోగా ఈ కింది వాటిలో ఏది కనిపించినా రెండు మూడు రోజులు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. ఒకరోజంతా ఏమీ తినకపోవడం, ఒకే రోజులో మూడుసార్లకు మించి వాంతి, నల్లటి విరేచనం, చిగుళ్లు పాలిపోవడం, మూలన ముడుచుకుని కూర్చుని పిలిస్తే పలకకపోవడం. కళ్లు కూడా చూడండి. ముక్కు వైపు నుంచి రెండు కళ్ల మీదికీ తెల్లటి పొర జరిగి నిలబడితే అది మూడో రెప్ప. ఒంట్లో బాగోలేని పిల్లిలో అది అలా బయటికి వస్తుంది. సయామీస్ నీలి కళ్ల మీద ఇంకా తొందరగా తెలుస్తుంది. మగపిల్లి ఉన్నవాళ్లకి ఒక మాట: లిట్టర్ ట్రేలో కూర్చుని పదే పదే ముక్కుతుంటే మలబద్ధకం అనుకోకండి. మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు. అలా ఒకటి రెండు రోజులు ఉంటే ప్రాణం పోతుంది.

రాత్రి అరుపుల సంగతి. ఆపరేషన్ కాని రెండేళ్ల ఆడపిల్లి రాత్రంతా అరుస్తూ, నేల మీద దొర్లుతూ, నడుం నిమిరితే వెనక భాగం పైకెత్తుతుంటే అది ఎదకు వచ్చినట్టు. సయామీస్ అసలే వాగుడుకాయ జాతి, ఎదలో ఉన్నప్పుడు అపార్ట్‌మెంట్ మొత్తానికి వినిపిస్తుంది. ఇది జబ్బు కాదు. కానీ ఆపరేషన్ కాని ఆడపిల్లికి ఎద తగ్గిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము చేరే అవకాశం ఉంది. అప్పుడు వాంతులు, ఎక్కువగా నీళ్లు తాగడం, నీరసం కనిపిస్తాయి. జున్నుకి వాంతులు ఉన్నాయి కాబట్టి పొట్ట స్కానింగ్ చేయించమని నా సలహా. విరేచనాలు తగ్గి, ఎద కూడా తగ్గాక ఆపరేషన్ చేయించేయండి. సయామీస్‌కి రొమ్ము క్యాన్సర్ ముప్పు మిగతా పిల్లుల కంటే ఎక్కువ. ఆపరేషన్ ఎంత చిన్న వయసులో అయితే ఆ ముప్పు అంత తగ్గుతుంది, కాబట్టి ఇక వాయిదా వేయకండి.

ముఖం, తోక నల్లబడటం గురించి అస్సలు భయపడకండి. ఈ జాతి వెంట్రుకలకు రంగునిచ్చే ఎంజైమ్ చల్లగా ఉన్నచోటే పనిచేస్తుంది. అందుకే పిల్లలు తెల్లగా పుడతాయి. తర్వాత ఒంట్లో చల్లగా ఉండే చెవులు, ముఖం, పాదాలు, తోక నల్లబడతాయి. వయసుతోనూ, ఏసీ గదిలో పడుకున్నా ఇంకాస్త ముదురుతాయి. స్కానింగ్ కోసం పొట్ట మీద బొచ్చు గొరిగితే అక్కడ కొత్తగా వచ్చే వెంట్రుకలు నల్లగా రావచ్చు. అప్పుడు కంగారు పడతారని ముందే చెబుతున్నాను.

ఇల్లు ఏంతో తుడుస్తున్నారో రాయలేదు. ఫినాయిల్ అయితే మానేయండి. తడి నేల మీద నడిచి, కాళ్లు నాకి, ఆ రసాయనాన్ని పిల్లి మింగేస్తుంది. మాత్రల్ని విరవలేని కాలేయం దాన్నీ విరవలేదు. సబ్బు నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడవండి. లిట్టర్ ట్రే అన్నం గిన్నెకి దూరంగా పెట్టి, రోజుకి రెండుసార్లు తీయండి. నీళ్ల గిన్నెలు రెండు మూడుచోట్ల పెట్టండి, బెజవాడ ఎండల్లో అయితే రోజుకి రెండుసార్లు నీళ్లు మార్చండి. సయామీస్ మనిషి పక్కన లేకపోతే దిగులు పెట్టుకునే పిల్లి. ఆ దిగులు కూడా పెద్దపేగు మీదే పడుతుంది. ఇంట్లోకి కొత్త మనిషి వచ్చినా, రోజువారీ పద్ధతి మారినా అంతే. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఆడించండి.

మీకు దగ్గర్లో పిల్లుల్ని బాగా చూసే డాక్టర్ లేకపోతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు. బుట్టలో పాత దుప్పటి వేసి, పైన పలచటి గుడ్డ కప్పి తీసుకెళ్తే దారిలో బెదరదు.

ఇక ఆ ఉడికించిన చికెన్ మీ అత్తయ్యగారి చేత్తోనే పెట్టించండి. పాలు మానిపించారని ఆవిడా నొచ్చుకోరు, రెండు వారాలుగా ఆవిడ చేతికి అలవాటుపడ్డ జున్ను కూడా మారాం చేయకుండా తింటుంది.